‘రాను’ అన్నాడా, ‘రానా’ అన్నాడా?

మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం సాయంత్రం మా చెల్లెలి కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. పదో తరగతి పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాడు. “పెద్దమ్మా, రేపు రాన్...” అన్నాడు. చివర ఏదో అచ్చు ఉండే ఉంటుంది, నా దాకా రాలేదు. రానా అని అడుగుతున్నాడనుకొని “సరే నాన్నా” అన్నాను. వాడు పెట్టేశాడు. మర్నాడు పొద్దున విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సులు ఆగే చోట గంటకు పైగా నిలబడ్డాను. దిగినవాళ్ళ మొహాలన్నీ చూశాను. చివరికి చెల్లెలికి ఫోన్ చేస్తే, “రానని నీకు నిన్ననే చెప్పాడంట కదక్కా, నువ్వు సరే అన్నావంట” అంది. వాడు అన్నది ‘రాను’. నేను విన్నది ‘రానా’. నా ‘సరే’ రెండింటికీ సరిపోయింది.

తప్పంతా వాడిదేనని ఇంట్లో తేల్చేశారు. వాడు నోట్లో నోట్లోనే మాట్లాడతాడని అందరికీ తెలుసు. నేను ఇరవై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ప్రతి సెక్షన్‌లో ఇలాంటివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. జవాబు తెలుసు, లేచి నిలబడతారు, పెదవులు కదులుతాయి, మాట మాత్రం బల్ల దాటి రాదు. “గట్టిగా చెప్పు” అంటాం. రెండోసారి ఇంకా చిన్నగా చెబుతారు. మూడోసారి “సరే కూర్చో” అంటాం. ఆ రోజు బస్టాండు నుంచి ఇంటికొస్తూ ఆలోచించాను. వాడి వాక్యంలో ‘పెద్దమ్మా’ వినపడింది, ‘రేపు’ వినపడింది, ‘రా’ కూడా వినపడింది. పోయింది చివరి అచ్చు ఒక్కటే. అంటే వాడి గొంతు చిన్నది కాదు. అది వాక్యం చివరిదాకా వెళ్ళడం లేదు.

ఇది తెలుగులో మరీ ఇబ్బంది. ఎందుకో చెబుతాను.

మాట్లాడటమంటే ఊపిరి ఖర్చుపెట్టడం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని గొంతులోని స్వరతంత్రులు ధ్వనిగా మారుస్తాయి. ఆ ధ్వనిని నాలుక, పెదవులు, దవడ అక్షరాలుగా చెక్కుతాయి. వాక్యం సాగేకొద్దీ గాలి తరుగుతుంది, గొంతు దిగుతుంది. ఇది ఎవరికైనా అంతే. అయితే తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ఆ క్రియలోనూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అసలు చేశారా లేదా అన్నది చెప్పే ముక్క దాని తోకలో ఉంటుంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు: తేడా అంతా చివరి అక్షరంలోనే. ‘కట్టాను’లో ఒక్క దీర్ఘం తీసేస్తే ‘కట్టను’. ఫీజు కట్టి వచ్చిన పిల్లాడు కట్టనని మొండికేసినవాడైపోతాడు. చెప్పాను, చెప్పను. రాలేదు, రాలేం. ఇంగ్లీషులో ‘ఐ వోంట్’ అనగానే సంగతి తేలిపోతుంది, ఆ తర్వాత కొంత మింగినా ఎదుటివాళ్ళు పట్టుకోగలరు. మన భాషలో ఊపిరి అయిపోయే చోటే అసలు సంగతి ఉంటుంది. గొణిగే పిల్లవాడు పోగొట్టేది సరిగ్గా ఆ ముక్కనే.

అందుకే ‘గట్టిగా మాట్లాడు’ అన్న సలహా పని చేయదు. మొదటి రెండు మాటలూ అరిచినట్టు వస్తాయి, ఉన్న గాలంతా అక్కడే ఖర్చయిపోతుంది, క్రియ మళ్ళీ గొంతులోకే పోతుంది. పైగా అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చుల జోరు. హల్లులు ఆ స్థాయిలో పెరగవు, మాటకు అంచులు ఇచ్చేవేమో అవే. మా తరానికి ఆకాశవాణి విజయవాడ కేంద్రం గుర్తుండే ఉంటుంది, 1948లో మొదలైంది. అక్కడ వార్తలు చదివినవాళ్ళు ఎవరూ అరవలేదు. ప్రతి మాటకూ చివరి అచ్చు దాకా న్యాయం చేసేవారు, ఊపిరి తీసుకోవడానికి సరైన చోట ఆగేవారు. రేడియో వంటింట్లో ఉన్నా వరండాలో కూర్చున్న మనిషికి అర్థమయ్యేది.

దీని మీద 1985లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. వినికిడి తగ్గినవాళ్ళకు అవే వాక్యాలను ఒకసారి మామూలుగా, ఒకసారి స్పష్టంగా పలికి వినిపించారు. స్పష్టంగా పలికినప్పుడు వాళ్ళు పట్టుకున్న మాటలు ప్రతి వందలో సగటున 17 పెరిగాయి. స్పష్టంగా పలికేటప్పుడు మనుషులు కొంచెం నెమ్మదిస్తారు, మాటల మధ్య ఆగుతారు, అచ్చులను పూర్తిగా పలుకుతారు, మాట చివరి హల్లును వదిలేయరు. ఇవన్నీ నేర్చుకోగలిగిన పనులే, పుట్టుకతో రావాల్సినవి కావు. నాకు ఇందులో నచ్చిన సంగతి అదే.

ఇక అసలు నోట్లో ఏం జరుగుతుందో చూడాలంటే మన అక్షరమాలే చాలు. క వర్గం నాలుక వెనక భాగంలో పుడుతుంది, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక కొన పైకి మడిస్తే, త వర్గం పళ్ళకు తగిలిస్తే, ప వర్గం పెదవుల దగ్గర. లోపలి నుంచి బయటికి వరసగా పేర్చిన పటం అది. గొణిగేటప్పుడు దవడ తెరుచుకోదు కాబట్టి ‘అ’కూ ‘ఆ’కూ తేడా పోతుంది. పెదవులు గుండ్రం కావు కాబట్టి ‘ఉ’, ‘ఒ’ నీరుగారిపోతాయి. నాలుక మడత పడదు కాబట్టి ‘ట’ వచ్చి ‘త’ మీద పడుతుంది. ఒత్తులు తేలిపోతాయి, ‘గడ్డి’ వెళ్ళి ‘గడి’ అవుతుంది. చిన్నప్పుడు పలక మీద దిద్దించిన గుణింతం నిజానికి నోటికి మంచి వ్యాయామం. క, కా, కి, కీ అంటూ హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ పక్కపక్కన పెట్టి పలికించడమే కదా. పదిహేనేళ్ళ పిల్లాడిని కూర్చోబెట్టి గుణింతం చెప్పమంటే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. ఆ లాభం వేరే దారిలో రావాలి. ఆ దారి చెప్పేముందు ఇంకో సంగతి చూడాలి.

సాధన మొదలుపెట్టకముందే, దీనికి వైద్యం కావాలా అన్నది తేల్చుకోవాలి. చాలా ఇళ్ళలో ఈ మెట్టు దాటేస్తారు.

మొదట చెవి. స, శ, ఫ లాంటి ధ్వనులు పై శ్రుతిలో ఉంటాయి. ఆ శ్రుతిలో వినికిడి తగ్గితే పిల్లవాడు ఆ ధ్వనులను వినడు, విననిది సరిగ్గా పలకలేడు. పిలిస్తే పలుకుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకుంటాం. వినికిడి పరీక్ష నొప్పిలేని పని, కాసేపట్లో అయిపోతుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి(జీజీహెచ్)లో గానీ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో గానీ ఈఎన్‌టీ విభాగంలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు చేసే పరీక్షల్లో వినికిడి కూడా ఉంది. ప్రభుత్వ బడి పిల్లలైతే టీచర్‌ను అడిగితే దారి చెబుతారు.

తర్వాత నోరు, ముక్కు. ఎప్పుడూ నోటితో ఊపిరి తీసుకుంటూ, జలుబు చేసినట్టు మాట్లాడే పిల్లలకు ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగి ఉండొచ్చు. పళ్ళకు క్లిప్పులు వేయించిన కొత్తలో కొన్నాళ్ళు మాట తడబడుతుంది, అది సర్దుకుంటుంది. ఇంకొకటి చెప్పక తప్పదు. గుట్కా, వక్కపొడి అలవాటైన పిల్లలకు బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. పిల్లాడి మూడు వేళ్ళు నిలువుగా పెడితే పట్టేంత నోరు తెరుచుకోకపోతే పళ్ళ డాక్టరుకు చూపించండి. ఆ జబ్బు కేన్సర్‌కు దారి తీయగలదు, ఆలస్యం చేయొద్దు. ఇది తిట్టి దాచిపెట్టించాల్సిన విషయం కాదు, వెంట తీసుకెళ్ళాల్సిన విషయం.

గొంతు మారడం ఇంకో సంగతి. పన్నెండు, పదహారేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవవుతాయి, శ్రుతి దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ అంత, కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది, కాకపోతే కొద్దిగానే. ఆ రోజుల్లో పిల్లాడికి తన గొంతు తన చేతిలో ఉండదు. బరువైన గొంతుతో మొదలైన మాట మధ్యలో కీచుమంటుంది, క్లాసంతా నవ్వుతుంది. మర్నాటి నుంచి వాడు నోరు సగమే తెరుస్తాడు. గొంతు ఏడాదికో రెండేళ్ళకో స్థిరపడుతుంది గానీ సగం తెరిచే అలవాటు ఉండిపోతుంది. మా వాడి విషయంలో జరిగింది ఇదేనని నా నమ్మకం. ఎనిమిదో తరగతి దాకా వాడు గలగలా మాట్లాడేవాడు.

మాటకు సంబంధించిన ఇబ్బందులు రెండున్నాయి, వాటిని గొణుగుడుతో కలపకూడదు. ఒకటి నత్తి. ఫలానా అక్షరం దగ్గర ఆగిపోతానని భయపడే పిల్లలు ఆ మాటనే తప్పించుకుంటారు, లేదా మింగేస్తారు. రెండోది హడావుడి మాట. వేగం పెరిగి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, మూడక్షరాల మాట ఒకటిన్నర అక్షరాలై వస్తుంది. ఈ పిల్లలకు తమ మాట అర్థం కావడం లేదన్న సంగతే చాలాసార్లు తెలియదు. జాగ్రత్తగా చెప్పమంటే ఒక్క నిమిషం బాగా చెబుతారు, మళ్ళీ మామూలే. ఈ రెండింటికీ స్పీచ్ థెరపిస్టు కావాలి. బీఏఎస్‌ఎల్‌పీ అనే మాట, వినికిడి చికిత్స డిగ్రీ చదివారా, భారత పునరావాస మండలిలో నమోదయ్యారా అని అడిగి మరీ వెళ్ళండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మనసు సంగతి. ఇంట్లో చక్కగా మాట్లాడుతూ బడిలో నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడని పిల్లలుంటారు. అది పొగరు కాదు, విపరీతమైన టెన్షన్. నిన్నమొన్నటి దాకా మామూలుగా ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి మాట తగ్గించేసి, తిండి, నిద్ర, స్నేహితులు అన్నీ వదిలేస్తుంటే స్పష్టత గురించి ఆలోచించే సమయం కాదది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇక ఉన్నట్టుండి మాట ముద్దముద్దగా వచ్చి, మొహం ఒక పక్కకు వంకరైతే అది అత్యవసరం, 108కి ఫోన్ చేయాలి.

ఇవేవీ కానప్పుడు మిగిలేది అలవాటు. ఆ అలవాటును చాలావరకు మనమే చేశాం. ఆడపిల్లల విషయంలో ఇది నాకు బాగా బాధగా అనిపిస్తుంది. పదేళ్ళు దాటగానే “ఆడపిల్లవి, ఏంటా గొంతు, వీధిలోకి వినపడుతోంది” అంటాం. ఏళ్ళ తరబడి అలా అణిచి, ఇంజనీరింగ్ చివర్లో క్యాంపస్ ఇంటర్వ్యూకి “ధైర్యంగా, గట్టిగా మాట్లాడమ్మా” అని దీవించి పంపుతాం. అప్పటికప్పుడు గొంతు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? మగపిల్లల్ని ఇంకో రకంగా నొక్కుతాం. బంధువులొచ్చినప్పుడు “నోరు తెరిచి చెప్పరా, నోట్లో ఏముంది” అని నలుగురిలో అంటాం. ఎవరి ముందు భయమో వాళ్ళ ముందే సిగ్గుపడేలా చేస్తే నోరు తెరుచుకుంటుందా?

ఇంగ్లీషు మాధ్యమం పిల్లల్లో నేను గమనించింది ఒకటుంది. తెలుగులో స్పష్టంగా మాట్లాడే పిల్ల ఇంగ్లీషులో గొణుగుతుంది. మాట చివర ‘ఎస్’ పెట్టాలో ‘ఈడీ’ పెట్టాలో తెలియక ఆ చివర్ని మింగేస్తుంది. వినపడకపోతే తప్పు దొరకదు కదా. ఈ పిల్లకు ఉచ్చారణ సాధన పనికిరాదు, తప్పు మాట్లాడినా ఫర్వాలేదన్న చోటు కావాలి. తప్పును వెంటనే దిద్దకుండా వాక్యం పూర్తి చేయనిస్తే చాలు, వారాల్లోనే తేడా కనపడుతుంది. నా క్లాసులో చూశాను.

ఇక ఇంట్లో ఏం చేయాలి? మేం చేసింది చెబుతాను.

మొదట మేం మానేసిన మాట ‘ఏంటీ?’. పిల్లాడు గొణగ్గానే నలుగురం “ఏంటీ?” అనేవాళ్ళం. దానికి వాడికి అర్థమయ్యేది, మొత్తం మళ్ళీ చెప్పాలని. విసుగొచ్చి “ఏం లేదులే” అని వెళ్ళిపోయేవాడు. దాని బదులు విన్నంతవరకు మనమే చెప్పి, పోయిన ముక్క మాత్రం అడగాలి. “రేపు అన్నావు, వస్తావా, రావా?” అంటే తన మాట ఎక్కడి దాకా చేరిందో, ఎక్కడ ఆగిందో వాడికి తెలుస్తుంది. ఇంత చిన్న మార్పు ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు. ఒకటి రెండు వారాలకే వాడు తనంతట తానే చివరి మాటను రెండోసారి అనడం మొదలుపెట్టాడు.

రెండోది, వాడి తరఫున మాట్లాడటం మా చెల్లెలు మానేసింది. ఇది దానికి చాలా కష్టమైంది. బ్రాడీపేటలో మందుల షాపుకెళ్తే షాపతను పిల్లాడిని అడుగుతాడు, జవాబు చెల్లెలు చెబుతుంది. తల్లి ప్రాణం కదా, ఆ రెండు క్షణాల మౌనం భరించలేదు. మనసులో ఐదు లెక్కపెట్టమన్నాను. ఎక్కువసార్లు మూడు దగ్గరే వాడు మాట్లాడేశాడు.

మూడోది పిల్లలకు సరదాగా ఉంటుంది, డిక్టేషన్. వాడు వంటింట్లో, చెల్లెలి కూతురు హాల్లో. మధ్యలో ఫ్యాను, మిక్సీ, వీధిలో ఆటోలు, అన్నీ ఉండనివ్వాలి. వాడు పది మాటలు చదువుతాడు, ఆ పిల్ల విన్నది విన్నట్టు రాస్తుంది. మాటలు జతలుగా ఎంచాలి: కట్టాను, కట్టను. గడి, గడ్డి. కల, కాల. పాలు, పళ్ళు. తర్వాత కాగితం చూస్తే ఏ ధ్వని పోతోందో తెలిసిపోతుంది. మొదటి రోజు మా వాడివి పదిలో ఆరు తప్పు పడ్డాయి, ఆరూ దీర్ఘాలే. ఒత్తులు బాగానే వచ్చాయి. అప్పటిదాకా ‘స్పష్టంగా మాట్లాడు’ అంటూ గాల్లో చెబుతున్నాం. ఆ రోజు నుంచి ‘దీర్ఘం వదలకు’ అంటే సరిపోయింది. ఏం చేయాలో వాడికి అర్థమైంది. ఫోన్ నంబర్లు చెప్పించడం కూడా మంచిదే, ఒక్క అంకె పోయినా పట్టుబడిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది వాళ్ళ తాతయ్య. మా చెల్లెలి మామగారికి ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది, చూపు కూడా ఆనదు. మిర్చి యార్డు ధరల దగ్గర్నుంచి పేపరంతా ఆయనకు కావాలి. ఆ పని పిల్లాడికి అప్పగించాం. పోటీ లేదు, మార్కులు లేవు, వేళాకోళం చేసేవాళ్ళు లేరు. ఎదురుగా నిజంగా వినాలనుకునే మనిషి ఒకరున్నారు. మొదట్లో వాడు అరిచాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “అరవకు నాన్నా, ఆగి చెప్పు” అన్నారు. ఎంఐటీ వాళ్ళు తేల్చింది అదే, ఆయన తన చెవులతో తేల్చుకున్నారు. కామా దగ్గర ఊపిరి తీసుకోవడం, క్రియ దాకా గాలి మిగుల్చుకోవడం వాడు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే పక్కింటివాళ్ళకు చదివినా, చిన్న పిల్లలకు కథ చెప్పినా అదే ఫలితం వస్తుంది. పద్యం వచ్చిన పిల్లలైతే పద్యం ఇంకా మంచిది. ఎక్కడ ఆగాలో, ఏ దీర్ఘం ఎంతసేపు పట్టాలో ఛందస్సే చెబుతుంది.

ఫోన్‌లో రికార్డు చేసి వినిపించడం మాత్రం తొందరపడి చేయొద్దు. మన గొంతు మనకు గాల్లోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా వినపడుతుంది. రికార్డులో ఆ బరువు ఉండదు, పలచగా పరాయిగా వినపడుతుంది. అసలే గొంతంటే సిగ్గుపడే పిల్లాడికి అది వినిపిస్తే ఇంకా ముడుచుకుపోతాడు. మేం నెల తర్వాత, వాడే అడిగితే ఇచ్చాం.

యాస గురించి ఒక మాట. కృష్ణా, గుంటూరు మాటే స్వచ్ఛమైన తెలుగని మనవైపు ఒక గర్వం ఉంది. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో వచ్చి హాస్టల్లో చేరిన పిల్లల యాసను తోటివాళ్ళు అనుకరించి నవ్వుతారు. ఆ పిల్లలు యాస మార్చుకోలేక గొంతు తగ్గించుకుంటారు. స్పష్టతకూ యాసకూ సంబంధం లేదు. ఏ యాసలోనైనా చివరి అక్షరం వినపడితే స్పష్టంగా ఉన్నట్టే. టీచర్లుగా ఈ నవ్వును క్లాసులో మొదటి రోజే ఆపాలి.

అలాగే, తక్కువ మాట్లాడటం వేరు, వినపడకుండా మాట్లాడటం వేరు. మొదటిది స్వభావం, దానికి మందు వెతకక్కర్లేదు. మా వాడు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మూలన కూర్చుంటాడు, పదిమందిలో నాలుగు మాటలే మాట్లాడతాడు. ఆ నాలుగూ వినపడితే నాకు చాలు.

జూన్‌లో విజయవాడ దగ్గర ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో చేర్పించారు. అక్కడ ఫోన్ ఆదివారాలే. వెనక పదిమంది పిల్లలు వరసలో నిలబడి ఉంటారు, గోలగోలగా ఉంటుంది. దసరా ముందు ఆదివారం నాకు ఫోన్ చేశాడు. “పెద్దమ్మా, పండక్కి రాను. మూడు రోజులే సెలవు, తాతయ్య దగ్గరికి వెళ్తాను.” ‘రాను’లో ‘ను’ ఆ గోలలోంచి స్పష్టంగా వినపడింది. ఈసారి నేనూ “సరే” అని ఊరుకోలేదు. “రావడం లేదు, గుంటూరు వెళ్తున్నావు, అంతేనా?” అని అడిగాను. “అంతే” అన్నాడు.